ఏడుపక్క నాలుక చప్పుడు

ఎవరి పనైనా ఏడ్చినట్టుందంటే అది తిట్టు. లోకం మొత్తమ్మీద ఏడుపక్క ఒక్కదానికే అది మెప్పు. ముప్పై నాలుగేళ్ళు ఆమె చేసిన ఉద్యోగం అదే. తెర మీద హీరోయిన్ నోరు తెరిస్తే, చీకటిగదిలో మైకు ముందు నిలబడి ఈమె ఏడ్చేది. మాటలు ఈమెవి కావు. మాటలకి వేరే గొంతు ఉండేది, తేనె పూసినట్టుండే గొంతు. ఆ తేనెగొంతావిడకి ఏడుపు చేతనయ్యేది కాదు. ఏడిస్తే పిల్లి తోక తొక్కినట్టుండేది. అందుకని “మీరు నన్ను అనుమానించారా” అనేదాకా ఆవిడ చెప్పి పక్కకి జరిగితే, ఆ తర్వాత ఏడుపు ఈమె వచ్చి అందుకునేది. ఒకే పొయ్యి దగ్గర వంతులేసుకున్న తోడికోడళ్ళలాగా, ఒకే హీరోయిన్ నోట్లో ఇద్దరూ కాపురం చేశారు.

ఆ ఉద్యోగం ఆమె కోరుకున్నది కాదు. పందొమ్మిదేళ్ళప్పుడు అక్కకి తోడుగా స్టూడియోకి వెళ్ళింది. అక్క గుంపు గొంతుల్లో ఒకతి. అంటే తెర మీద జనం పోగయినప్పుడు “కొట్టండి, పట్టుకోండి” అని అరిచేవాళ్ళలో ఒకతి. గుమ్మం దగ్గర తీగలు కాళ్ళకి తగులుకుని చెల్లెలు బోర్లా పడింది. బొటనవేలి గోరు లేచిపోయింది. మెట్ల మీద కూర్చుని బావురుమంది. లోపల ఎవరో మైకు ఆపడం మరిచారు. చెవులకి గొట్టాలు తగిలించుకుని కూర్చున్న సౌండ్ ఇంజనీరు గారు ఉలిక్కిపడి లేచి బయటికి వచ్చారు. వేలికి కట్టు కట్టిస్తారనుకున్నారు అందరూ. ఆయన రక్తం వైపు చూడనే లేదు. “ఆ ఏడుపు ఎవరిది?” అని అడిగారు.

ఆ గోరు మళ్ళీ తిన్నగా పెరగలేదు. ఉద్యోగం మాత్రం నిలిచింది.

ఇంజనీరు గారు భారీ మనిషి. ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేదు. ఎవరైనా బాగా చేస్తే “సరే” అనేవారు, చెడగొడితే “సరే సరే” అనేవారు. ఆ రోజుల్లో ఒక్కో సినిమా రీలు ముక్కని, దాని తలా తోకా అతికించి, గానుగెద్దులా తిప్పుతుండేవారు. హీరోయిన్ అదే గుమ్మం పట్టుకుని అదే ఏడుపు ఇరవైసార్లు ఏడుస్తుంటే, ఆమె పెదవులతో కలిసేదాకా ఈమె కూడా ఇరవైసార్లు ఏడవాలి. మూడోరోజు ఆయన ఆమెని పిలిచి తన కష్టం చెప్పుకున్నారు.

“మాటకి మొదటి అక్షరం ఉంటుందమ్మా, పట్టుకోడానికి. నీ ఏడుపు పొగలాగా వస్తోంది. పొగకి అంచెక్కడ వెతకను? మొదలెట్టే ముందు నాలుకతో ఒక్క చప్పుడు చెయ్యి. దాన్ని పట్టుకుని బొమ్మతో కలుపుతాను. తర్వాత దాన్ని కోసి పారేస్తాను.”

అలా మొదలయింది. నాలుకని అంగిలికి కొట్టి “ట్చ్” అనడం, అర క్షణం ఆగడం, ఏడవడం. ఆయన బ్లేడుతో ఆ “ట్చ్” ఉన్నంతమేర, చిటికెనవేలి గోరంత టేపు ముక్క కోసి, పక్కనున్న ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పడేసేవారు. ఏడుపు సినిమాలోకి, చప్పుడు డబ్బాలోకి. తర్వాత కంప్యూటర్లొచ్చి, బ్లేడు పోయి మౌసు చేతికొచ్చినా ఆయన కోత ఆపలేదు, ఆమె చప్పుడు ఆపలేదు. ఏం చేస్తున్నారని వాళ్ళిద్దరినీ ఎవరూ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

ఆ ముప్పై నాలుగేళ్ళలో సినిమా ఎన్ని వేషాలు మార్చిందో ఏడుపక్క గొంతుకి తెలుసు. మొదట్లో హీరోయిన్ అంటేనే ఏడవడానికి పుట్టిన మనిషి. పెళ్ళి కాకపోతే ఏడుపు, అయితే ఇంకా ఏడుపు. ఒక సినిమాలో ఏకధాటిగా పదకొండు నిమిషాలు ఏడ్చి, ఏడుపక్క బయటికొచ్చి రెండు చెంబుల నీళ్ళు తాగింది. ఆ ఏడుపుకి హీరోయిన్‌కి బహుమతి వచ్చింది. ఆవిడ వేదికెక్కి వాళ్ళమ్మకి, జుట్టు దువ్వినావిడకి, పెంపుడు కుక్కకి కృతజ్ఞతలు చెప్పుకుంది. టీవీ ముందు కూర్చున్న ఏడుపక్క మొగుడు, కుక్క ఎప్పుడు ఏడ్చిందే అని అడిగాడు.

తర్వాత కాలంలో హీరోయిన్లకి ఏడవడానికి తీరిక లేకపోయింది. పాటకో దేశం ఎగరాలి. ఏడుపు హీరో చెల్లెలికి బదిలీ అయింది. చెల్లెలు ఏడ్చిందంటే ఇక అరగంట తన్నులే. ఆమె ఏడుపు ఎనిమిది క్షణాలు దాటితే డైరెక్టర్ గడియారం చూసుకునేవాడు. వేరే భాష నుంచి దిగిన హీరోయిన్లు నోరు తిరగక, మాటలకి బదులు ఒకటి రెండు మూడు నాలుగు అని అంకెలు లెక్కపెట్టేవారు. అందులో ఏడు దగ్గర పెదవి వణికితే, ఈమె ఆ ఏడుకి సరిగ్గా ఏడుపు అతికించేది. ఆ తర్వాత మంచి అభిరుచి అనేదొకటి వచ్చింది. హీరోయిన్ కిటికీ దగ్గర కప్పు పట్టుకుని నిలబడి, నాలుగు నిమిషాలు వాన చూస్తుంది. వెనక పియానో. ఆ మౌనానికి పత్రికలు చప్పట్లు కొట్టాయి. ఏడుపక్కకి పని తగ్గింది.

పనిలో తగ్గింది కానీ అలవాటులో తగ్గలేదు. ఇంట్లో కూడా, నిజం ఏడుపు వచ్చినా, ముందు నాలుక దానంతటదే చప్పుడు చేసేది. మొగుడు ఉన్నన్నాళ్ళూ అదొక వేళాకోళం. మా ఆవిడ పనిలో ఏడ్చి ఇంటికొస్తుంది, నా వంతు అప్పుడు మొదలవుతుంది, అనేవాడు. చిక్కంతా ఆయన పోయిన రోజు వచ్చింది.

ఆ రోజు ఇల్లంతా చుట్టాలు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు గోడ వారగా నిలబడి ఉంది. ఏడుపక్క మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని “ట్చ్” అంది. అర క్షణం ఆగి, గుండెలు అవిసిపోయేలా ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే వంటింట్లో ఎవరో స్టీలు పళ్ళెం జారవిడిచారు. అది గింగిర్లు తిరిగి తిరిగి మోగింది. ఏడుపక్క ఠక్కున ఆపింది. అరచెయ్యి పైకెత్తి, పళ్ళెం చప్పుడు పూర్తిగా అణిగేదాకా అలాగే ఉంది. అప్పుడు మళ్ళీ “ట్చ్” అని, ముందు ఏడ్చినదే మళ్ళీ మొదటి నుంచి, ఒక్క ఎక్కిలి తేడా లేకుండా ఏడ్చింది.

తర్వాత పదిహేను రోజులు చుట్టాలకి అదే మాట. కోడలు మాత్రం అదంతా నటనేనని ఒక అభిప్రాయానికి వచ్చేసింది. ఆ తర్వాతి ఎనిమిదేళ్ళలో అత్తగారు ఎప్పుడు కళ్ళు తుడుచుకున్నా, కోడలు గిన్నెలు సర్దుకుంటూ పోయేదే తప్ప, ఏమైందత్తయ్యా అని అడిగిన పాపాన పోలేదు.

ఇంజనీరు గారు పోయి నాలుగేళ్ళయింది. స్టూడియోలో సగం వ్యాయామశాల అయింది. హీరోయిన్లు ఏడ్చిన చోట ఇప్పుడు ఒళ్ళొచ్చినవాళ్ళు రుసుము కట్టి మరీ ఏడుస్తున్నారు. మిగిలిన సగంలో ఒక కంపెనీ దిగింది. గొంతులు నేర్చుకునే యంత్రమొకటి వాళ్ళ దగ్గర ఉందట. దాని మంచిచెడ్డలు చూసే ఆయన గడ్డం పెంచి, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేసుకుని తిరిగేవాడు. మర్యాదస్తుడు. ఏడుపక్కకి కబురు చేసి, కుర్చీ వేయించి, చేతికి కాగితం ఇచ్చాడు. కాగితంలో అరవై రకాల ఏడుపులు రాసి ఉన్నాయి. భర్త మరణం: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. పరీక్ష తప్పుట. ప్రేమ విఫలం: పట్టణం. ప్రేమ విఫలం: పల్లె. కాఫీలో చక్కెర ఎంత అని అడిగినట్టుంది ఆ వరస.

ఆమె తలెత్తి తెర కోసం వెతికింది. తెర ఉండే చోట పచ్చరంగు స్పాంజి గోడ ఉంది.

“బొమ్మ ఏది నాయనా? ఎవరి కోసం ఏడవాలి?”

“ఎవరూ లేరమ్మా. ఊరికే ఏడవండి.”

“ఊరికే ఏడవడానికి ఇంత దూరం ఎందుకు? ఇంట్లోనే ఉందును.”

ఆయన నవ్వి, ఇదొక్కసారేనన్నాడు. ఈ అరవై వింటే చాలు, యంత్రానికి ఆమె ఏడుపు వచ్చేస్తుందట, ఇకమీదట ఆమె శ్రమపడి రావక్కర్లేదట. సెలవు ప్రసాదించినట్టు చెప్పాడు. ఇకమీదట అన్న మాట దగ్గర ఏడుపక్క కాగితం మడతపెట్టబోయి, మళ్ళీ విప్పింది. వద్దనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మైకు ముందు నిలబడి నాలుగేళ్ళయింది. ఆకలి మీదున్నవాడికి ఎంగిలి విస్తరి కూడా విందే. నిలబడింది. అరవై ఏడ్చింది. ప్రతి ఏడుపుకి ముందు అలవాటుగా “ట్చ్” అంది, కోసేవాళ్ళు కోస్తారులే అనుకుంది. హెడ్‌ఫోన్లాయన అదేదో కళాకారుల ఆచారం అనుకున్నాడు. కోయాలని ఆయనకి తెలియదు. తెలిసిన ఒక్కాయనా లేడు. యంత్రం అరవై “ట్చ్”లూ శ్రద్ధగా నేర్చుకుంది.

ఆరు నెలలకి సినిమా వచ్చింది. ఇరవై వాహనాలు గాల్లోకి లేచే సినిమా. అందులో ఏడుపంతా యంత్రానిదేనని గోడల మీద గొప్పగా వేశారు. ఏడుపక్క చూస్తానంది. కొడుక్కి తీరిక లేదు. తప్పక కోడలు వెంట వెళ్ళింది. పాత హాళ్ళలో మేకులు గుచ్చుకునే కుర్చీల్లో నిటారుగా కూర్చుని జనం ఏడ్చేవాళ్ళు. ఇక్కడ మీట నొక్కితే కుర్చీ మంచమవుతుంది. ఊరి జనమంతా వెల్లకిలా పడుకుని, పొట్టల మీద పేలాల బకెట్లు పెట్టుకుని ఉన్నారు.

అరగంటకి హీరోయిన్‌కి తండ్రి పోయినట్టు ఫోనొచ్చింది. సంగీతం ఆగింది. తెర నిండా ఆమె ముఖమే. కళ్ళలో నీళ్ళు నిండాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది. హీరోయిన్ “ట్చ్” అంది.

బస్సు తప్పిపోయినవాళ్ళు అన్నట్టు అంది. ఆ తర్వాత “నాన్నా” అని ఏడ్చిందేమో కానీ ఎవరికీ వినపడలేదు. మొదట వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత హాలంతా ఘొల్లుమంది. అక్కడితో పోలేదు. హీరో తల్లి “ట్చ్” అని ఏడ్చింది. కత్తిపోటు తిన్న విలన్ “ట్చ్” అని మూలిగాడు. చివరికి ఉయ్యాల్లో పసిగుడ్డు కూడా, ఇదేం చోటికి వచ్చి పడ్డానన్నట్టు “ట్చ్” అని, అప్పుడు కేరుమంది. పేలాలు ఎగిరాయి. ఒకావిడ నవ్వలేక పక్కటెముకలు పట్టుకుంది.

ఏడుపక్క మీట నొక్కి కుర్చీ నిటారుగా చేసుకుంది. ముప్పై నాలుగేళ్ళు ఆమె గొంతుకి జనం ముక్కులు చీదారు. ఆ ముక్కుల చప్పుడు వినడానికే ప్రతి సినిమాకీ వెళ్ళి చివరి వరసలో కూర్చునేది. పేరు తెర మీద పడకపోయినా, బహుమతి ఇంకెవరో పట్టుకుపోయినా ఆమె పట్టించుకోలేదు. తను ఏడిస్తే హాలు ఏడుస్తుంది, అదొక్కటే ఆమె ఆస్తి. ఇవాళ అది కళ్ళముందే నవ్వులపాలయింది.

కోడలు మాత్రం నవ్వడం లేదు. తల ఇటు తిప్పి అత్తగారినే చూస్తోంది.

“అత్తయ్యా, ఇది మీ నాలుకే కదూ?”

ఏడుపక్క తలూపింది. మిగతాదంతా ఇంటికి నడిచొస్తూ చెప్పింది. లేచిపోయిన గోరు, పొగకి అంచు, బ్లేడు, బిస్కెట్ల డబ్బా. చెబుతూ చెబుతూ ఇంజనీరు గారు బతికుంటే ఈ కంపెనీని చూసి “సరే సరే” అనేవారంది. పాలబూతు దాటాక కోడలు నెమ్మదిగా కదిపింది.

“మామయ్య పోయిన రోజున... మీరు నిజంగానే ఏడ్చారా?”

“నిజం కాకపోతే మొదటి నుంచి ఎందుకు మొదలెడతాను? ఉత్తుత్తి ఏడుపయితే ఆగిన చోటి నుంచే అందుకునేదాన్ని.”

కోడలు అత్తగారి చేతిలోని సంచీ తీసుకుంది. ఎనిమిదేళ్ళలో అడక్కుండా తీసుకోవడం అదే మొదలు. ఏడుపక్క అదేమీ చూడనట్టే నడిచింది.

కంపెనీవాళ్ళు తన మీదికి వస్తారని ఏడుపక్క నిశ్చయించుకుంది. నిర్మాత మునిగి ఉంటాడు, ఆ పాపం తన నాలుకదే. ఏం చెప్పుకోవాలో అద్దం ముందు నిలబడి కూడబలుక్కుంది కూడా. వారం గడిచింది. ఎవరూ రాలేదు. ఈలోగా కోడలి ఫోనులో వింతలు మొదలయ్యాయి. ఎవరో కాలేజీ పిల్లలు “ట్చ్” అని కళ్ళు తుడుచుకుంటూ ఆడారు. ఒక వార్తలావిడ పెట్రోలు ధర చదివి “ట్చ్” అంది. చూసినవాళ్ళే మళ్ళీ చూడటానికి వెళుతున్నారట, ఏడుపు వచ్చే చోట్ల హాలంతా కలిసి ముందే “ట్చ్” అంటోందట. గాల్లోకి లేచిన ఇరవై వాహనాలు ఎవరికీ గుర్తులేవు.

పదోరోజు హెడ్‌ఫోన్లాయన పళ్ళబుట్టతో ఇంటికొచ్చాడు. ఏడుపక్క క్షమాపణ మొదలుపెట్టబోతే ఆయన చేతులు జోడించాడు. నలుగురు నిర్మాతలు అడుగుతున్నారట. తమ సినిమాలో కూడా ఆ చప్పుడు ఉండాల్సిందేనట.

“ఏడుపులు కావలసినన్ని ఉన్నాయమ్మా. ఆ చప్పుడే చాలడం లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు. కోపంగా ఒకటి, ప్రేమగా ఒకటి, అలా ఓ పది రకాలు ఇవ్వండి. ఉత్త చప్పుడు చాలు. ఇక్కడే ఫోనులో చెప్పినా సరే.”

ఏడుపక్క ఆయన వంక చూసింది. ముప్పై నాలుగేళ్ళు ఏడుపు సినిమాలోకి, చప్పుడు డబ్బాలోకి. ఇప్పుడు చప్పుడు సినిమాలోకట. అయినా ఇంటికొచ్చిన మనిషి కదా అని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని ప్రయత్నించింది. బల్లి పలికినట్టు వచ్చింది. ఇంకోసారి అంటే, పిల్లిని పాలకి పిలిచినట్టు వచ్చింది. ఆమెకే నవ్వొచ్చింది.

“రావడం లేదు నాయనా. అది ఏడుపుకి ముందు వచ్చేది. వెనక ఏడుపు లేకపోతే ముందు అది రాదు.”

“అయితే వెనక కొంచెం ఏడవండమ్మా.”

“ఎదురుగా బొమ్మ లేకపోతే ఏడుపు రాదు.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. బొమ్మంటే తెర కావాలి, తెరంటే గోడ స్పాంజి పీకాలి. వంటింటి గుమ్మంలోంచి కోడలు మాట కలిపింది.

“మా అత్తయ్య నిలబడి ఏడుస్తారండీ, కుర్చీ వద్దు. గోరువెచ్చటి నీళ్ళు పెట్టించండి. మధ్యలో ఎక్కడ చప్పుడైనా మళ్ళీ మొదటి నుంచి ఏడుస్తారు. ముందే చెబుతున్నాను, తర్వాత మమ్మల్ని అనకండి.”

ఎనిమిదేళ్ళు ఏ పని చూసి ముఖం తిప్పుకుందో, ఆ పని నియమాలు పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు వల్లించింది. ఏడుపక్క కాదనలేదు.

ఆ బుధవారం స్పాంజి గోడ మీద తెల్లటి తెర దిగింది. కోడలు గాజు అద్దం అవతల బల్ల మీద, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఎవరో హీరోయిన్ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏ సినిమానో, ఏం కష్టమో తెలియదు. పెదవి వణికింది. అది చాలు. ఏడుపక్క వంకర గోరున్న కాలు ముందుకేసి, “ట్చ్” అని, ఏడుపు అందుకుంది.

గోడ అవతల వ్యాయామశాలలో ఎవరో వంద కిలోల బరువు ధడేలున కింద పడేశాడు. ఏడుపక్క ఠక్కున ఆపి అరచెయ్యి పైకెత్తింది. హెడ్‌ఫోన్లాయన ఫరవాలేదు, చప్పుడు వచ్చేసింది, చాలు అని సైగ చేశాడు. ఆమె చెయ్యి దించలేదు. అద్దం అవతల కోడలు లేచి, ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, వ్యాయామశాలలోకి వెళ్ళింది. అక్కడ ఏమందో తెలియదు కానీ, ఒక్కొక్క బరువూ పసిపాపని పడుకోబెట్టినట్టు నేల మీదికి దిగింది. కోడలు తిరిగొచ్చి తలూపింది. ఏడుపక్క మళ్ళీ మొదటి నుంచి ఏడ్చింది.

పది గుమ్మాలు, పది ఏడుపులు. మధ్యాహ్నానికి పూర్తయింది. హెడ్‌ఫోన్లాయన చప్పుళ్ళన్నీ ముక్కలు కోసి, వరసగా పేర్చుకుని, వాటికి అంకెలు వేసుకున్నాడు. మిగిలిన పొడుగాటి ఏడుపులు కంప్యూటరు తెర మీద అలాగే ఉండిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టాలో ఆయనకి తోచలేదు.

“ఈ ఏడుపులు ఏం చెయ్యమంటారమ్మా?”

ఏడుపక్క ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసుకుని, మిగిల్చకుండా తాగింది.

“ఖాళీ బిస్కెట్ల డబ్బా ఉంటే చూడు నాయనా” అంది.